ఆరు లక్షలతో పాత ఎస్‌యూవీ: ఏది కొనాలి, ఎంత పక్కన పెట్టాలి?

ప్రశ్న: మేము మియాపూర్‌లో ఉంటాం. నేను ఉపాధ్యాయురాలిని. మావారు వారానికి మూడు రోజులు నానక్‌రాంగూడలోని ఆఫీసుకు వెళ్తారు. రెండు నెలలకోసారి ఖమ్మం దగ్గర ఉన్న మా ఊరికి వెళ్లి వస్తుంటాం. అన్నీ కలిపి ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్లకు మించి తిరగం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఎత్తు తక్కువ కార్లలో ఎక్కడం, దిగడం ఆవిడకు కష్టం. అందుకే పాతదైనా సరే ఒక చిన్న ఎస్‌యూవీ తీసుకుందామని ఆరు లక్షలు కూడబెట్టాం. మూడు బండ్లు చూశాం. ఒకటి మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒకాయనది: 2017 విటారా బ్రెజ్జా డీజిల్, 88 వేల కిలోమీటర్లు తిరిగింది, 5.75 లక్షలు చెబుతున్నారు. రెండోది కార్ల కన్సల్టెన్సీలో ఉన్న 2016 క్రెటా డీజిల్: ఢిల్లీ రిజిస్ట్రేషన్, మీటరు 54 వేలు చూపిస్తోంది, 5.4 లక్షలు. మూడోది 2015 ఎకోస్పోర్ట్ పెట్రోల్ ఆటోమేటిక్, 3.4 లక్షలకే ఇస్తామంటున్నారు. పాత డీజిల్ బండి కొంటే షెడ్డు చుట్టూ తిరగడమే సరిపోతుందని మా మరిది భయపెడుతున్నాడు. కన్సల్టెన్సీ వాళ్లేమో రూపాయి ఖర్చు లేకుండా మూడేళ్లు తిరుగుతుందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: మూడింటిలో నేనైతే బ్రెజ్జా వైపే మొగ్గుతాను. అయితే 5.75 లక్షలకు మాత్రం కాదు. మీ దగ్గర ఆరు లక్షలు ఉన్నాయంటే మీరు కొనగలిగింది ఆరు లక్షల బండి కాదు, ఐదు లక్షల బండి. మిగిలిన లక్ష మొదటి ఏడాదిలోనే ఆ బండి మీ చేత ఖర్చు పెట్టిస్తుంది. పాత కారు కొని బాధపడిన కుటుంబాలను చాలా చూశాను. వాళ్లలో ఎక్కువమంది చెడ్డ మోడల్ కొన్నవాళ్లు కారు. ఉన్న డబ్బంతా కొనడానికే పెట్టేసి, రెండో నెలలో క్లచ్ పోతే అప్పు చేయాల్సి వచ్చినవాళ్లు. అందుకే ఏ బండి అనే దానికంటే, కొన్న తర్వాత చేతిలో ఎంత మిగులుతుందనేది ముందు తేల్చుకోండి. ఎనిమిది, తొమ్మిదేళ్ల బండికి కొన్న ధరలో ఐదో వంతు పక్కన ఉంచుకోవాలన్నది నేను అందరికీ చెప్పే లెక్క.

మీ మరిదిగారి భయం పూర్తిగా తప్పు కాదు. కన్సల్టెన్సీ వాళ్ల మాట మాత్రం పూర్తిగా తప్పు. పదేళ్లకు దగ్గరపడిన ఏ డీజిల్ బండీ రూపాయి ఖర్చు లేకుండా మూడేళ్లు తిరగదు. టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌లు, క్లచ్ అన్నీ అరిగేవే. అవి ఎవరి హయాంలో అరుగుతాయి, ఎవరి డబ్బుతో మారతాయి అన్నదే ప్రశ్న. అమ్మేవాళ్లలో చాలామంది ఆ ఖర్చు మీద పడబోతోందని తెలిసే అమ్ముతారు.

ముందు ఎకోస్పోర్ట్ సంగతి త్వరగా తేల్చేద్దాం. దాని జోలికి వెళ్లకండి. ఆ బండి మొత్తంగా చెడ్డదని కాదు. డీజిల్ మాన్యువల్ ఎకోస్పోర్ట్ గట్టి బండి, దాన్ని ఇప్పటికీ ఇష్టంగా నడుపుకుంటున్నవాళ్లు నగరంలో ఎందరో. కానీ మీకు చూపిస్తున్న 2015 పెట్రోల్ ఆటోమేటిక్‌లో ఉండేది ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. దాని రెండు క్లచ్‌లూ నూనెలో మునిగి ఉండవు, పొడిగానే పనిచేస్తాయి. కూకట్‌పల్లి, జేఎన్‌టీయూ దగ్గర అంగుళం అంగుళం కదిలే రద్దీలో అవి సగం పట్టి సగం వదిలే స్థితిలోనే ఎక్కువసేపు ఉంటాయి. దాంతో వేడెక్కుతాయి, బండి కదిలేటప్పుడు వణుకుతుంది, చివరికి గేరు పడనని మొరాయిస్తుంది. ఇదే రకం గేర్‌బాక్స్ ఉన్న ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కొన్నవాళ్ల ఫిర్యాదులను సరిగా పట్టించుకోనందుకు 2018లో ఆస్ట్రేలియా కోర్టు ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. మన దేశంలో 2017 చివర్లో వచ్చిన కొత్త రూపంలో ఆ గేర్‌బాక్స్‌ను తీసేసి, నూనె ద్వారా శక్తిని పంపే మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ పెట్టారు. పైగా 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించింది. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్ల వంటివి దొరుకుతాయి. గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ పోతే మాత్రం వెతుక్కోవాల్సిందే. 3.4 లక్షలన్న అంకె మిమ్మల్ని ఆకర్షించడం సహజమే కానీ, ఆ ధర అంత తగ్గడానికి కారణం ఇదే.

ఢిల్లీ క్రెటా విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మన కన్సల్టెన్సీల్లో ఇలాంటి బండ్లు చాలా కనిపిస్తున్నాయి. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంక్ష పెట్టింది. 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆ తర్వాత వాదనలు, సడలింపులు నడుస్తున్నా, అక్కడి యజమానులు తొమ్మిదో ఏడు దాటాక డీజిల్ బండిని వదిలించుకోవాలనే చూస్తారు. దాంతో అక్కడ ధర పడిపోతుంది, ఇక్కడికి తెచ్చి అమ్మితే లాభం ఉంటుంది. తెలంగాణలో అలాంటి పదేళ్ల నిబంధన లేదు కాబట్టి కొనడం నేరమేమీ కాదు. కానీ ఆ 5.4 లక్షలు అసలు ధర కాదు.

వేరే రాష్ట్రం బండిని మీ పేరు మీదికి మార్చుకోవాలంటే మొదట అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం రావాలి. దానికి ఫారం 28. తర్వాత ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. బండి కొత్తగా ఉన్నప్పటి ధర, దాని వయసు చూసి ఆ పన్ను లెక్కగడతారు. క్రెటా లాంటి పదిలక్షల పైబడిన బండికి ఆ మొత్తం లక్ష రూపాయల స్థాయికి వెళ్లవచ్చు. మీ పరిధిలోని రవాణా శాఖ కార్యాలయంలో ఆ బండి వివరాలు చెప్పి అంకె కనుక్కోకుండా ధర మాట్లాడవద్దు. ‘పన్నుతో సహా మేమే చేయిస్తాం’ అని కన్సల్టెన్సీ వాళ్లు అంటే కాగితం మీద రాయించుకోండి. ఢిల్లీ నంబరుతోనే తిరిగేయవచ్చని సలహా ఇస్తే వినకండి. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంటే కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది.

ఇక ఆ 54 వేల కిలోమీటర్లు. డీజిల్ బండి కొనేవాళ్లు సాధారణంగా ఎక్కువ తిరిగేవాళ్లే. తొమ్మిదేళ్లలో 54 వేలు అసాధ్యం కాదు గానీ, రుజువు లేకుండా నమ్మకూడదు. మీటరు వెనక్కి తిప్పడం ఇప్పుడు పెద్ద విద్య కాదు. బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నగా మారిందా, స్టీరింగ్ తోలు పై అంచున మెరుస్తోందా, డ్రైవరు సీటు కుడివైపు అంచు కుంగిందా చూడండి. ఇవి అబద్ధం చెప్పవు. రిజిస్ట్రేషన్ నంబరుతో అధీకృత సర్వీసు కేంద్రంలో అడిగితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర బండి వచ్చిందో రికార్డులో ఉంటుంది. మూడేళ్ల కిందటే 90 వేలు నమోదై ఉంటే ఇంకేం మాట్లాడక్కర్లేదు.

క్రెటా ఇంజిన్ మంచిది, లాగుడు బాగుంటుంది. ఆ తరం బండ్లలో స్టీరింగ్ అటూ ఇటూ కదిపితే టిక్కుటిక్కుమనే శబ్దం వస్తుంటుంది. చాలాసార్లు అది స్టీరింగ్ మోటారు దగ్గర ఉండే చిన్న రబ్బరు కప్లింగ్ అరగడం వల్లే. వస్తువు ఖరీదు తక్కువే, విప్పి బిగించే కూలే ఎక్కువ. దానికి కంగారుపడి స్టీరింగ్ మొత్తం మార్పించుకోకండి. ఇంకో ఖర్చు కూడా గుర్తుంచుకోండి. మీరు చూసిన క్రెటా 1.6 డీజిల్ అయితే దాని ఇంజిన్ 1500 సీసీ దాటుతుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1500 సీసీ దాటిన సొంత కార్లకు థర్డ్ పార్టీ బీమా ఏడాదికి రూ.7,897. 1000 నుంచి 1500 సీసీ లోపు వాటికి రూ.3,416. పన్ను అదనం. బ్రెజ్జా 1248 సీసీయే కాబట్టి రెండో వరుసలోకి వస్తుంది. ఏటా నాలుగున్నర వేలు తేడా చిన్నదిగా కనిపించినా, బండి ఉంచుకున్నన్నాళ్లూ కట్టాలి.

ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్ బ్రెజ్జా. దీన్ని నేను ఎందుకు ఇష్టపడుతున్నానంటే, మొదటి కారణం యజమాని మీ కళ్లెదుట ఉన్నాడు. ఆయన బండిని ఎలా నడిపాడో, ఎక్కడ సర్వీసు చేయించాడో వాచ్‌మన్‌కు కూడా తెలిసి ఉంటుంది. రెండోది, అందులోని 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఫియట్ మూలాలున్నది. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాల్లోనూ అదే కుటుంబం ఇంజిన్ కొన్నేళ్లు నడిచింది. అందువల్ల ఏ గల్లీ మెకానిక్‌కైనా దాని గుట్టు తెలుసు. విడిభాగాలు రాణిగంజ్‌లో సులభంగా దొరుకుతాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతీ డీజిల్ మానేసింది కానీ, రోడ్ల మీద ఇన్ని బండ్లు ఉండగా సరకు కొరత ఇప్పట్లో రాదు. మూడోది, ఇది బీఎస్6 ముందుది కావడం వల్ల పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు బెడద ఉండదు. ఆ ఫిల్టరు శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఏకబిగిన వేగంగా తిరగాలి. సిటీలోనే తిరిగే కొత్త డీజిల్ బండ్లకు అది పెద్ద తలనొప్పి. భద్రత కూడా చూసుకోవాలి కాబట్టి చెబుతున్నాను: 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ బండిని ఢీకొట్టించి చేసే పరీక్షలో విటారా బ్రెజ్జాకు పెద్దల రక్షణ విభాగంలో నాలుగు స్టార్లు వచ్చాయి.

డీజిల్ మీకు గిట్టుబాటవుతుందా అన్నది మీ మరిదిగారి అసలు సందేహం అనుకుంటాను. లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరుకు సుమారు 12 రూపాయల తేడా ఉంటోంది. డీజిల్ లీటరు రూ.96, పెట్రోలు రూ.108 దగ్గర అనుకుందాం. మన రద్దీలో ఇలాంటి డీజిల్ బండి లీటరుకు 15 కిలోమీటర్లు, పెట్రోల్ బండి 11 ఇస్తాయనుకుంటే, తొమ్మిది వేల కిలోమీటర్లకు డీజిల్ ఖర్చు రూ.58 వేల లోపు, పెట్రోలు ఖర్చు రూ.88 వేలు. ఏడాదికి దాదాపు ముప్పై వేలు మిగులు. బాగానే ఉంది. కానీ ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లలో రెండు పోతే ఆ మిగులులో చాలా భాగం ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి మీ తిరుగుడుకు డీజిల్ వల్ల పెద్ద లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు. బండి ఆరోగ్యంగా ఉంటే డీజిల్ మంచిది. అనుమానం ఉంటే అదే ధరకు ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ బండి మేలు. పెట్రోల్ వైపు వెళ్తే ఒక్క విషయం: ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా బండ్లు దానికోసం రూపొందినవి కావు. మైలేజీ కొంత తగ్గుతుంది. ఇంధనపు రబ్బరు గొట్టాలు, పంపు సీళ్లు ఎలా ఉన్నాయో సర్వీసులో చూపిస్తూ ఉండాలి.

బ్రెజ్జాను చూడటానికి సాయంత్రం వెళ్లవద్దు. ఆదివారం పొద్దున్నే వెళ్లండి, ముందు రాత్రి నుంచి స్టార్ట్ చేయవద్దని ఆయనకు చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఇంజిన్ నడిపారన్నమాట. ఆ రోజుకు తిరిగి వచ్చేయండి. చల్లగా ఉంటే బానెట్ ఎత్తి, ఆయిల్ పోసే మూత విప్పి, దాని లోపలివైపు చూడండి. పలచటి నల్లటి ఆయిల్ అంటుకుని ఉంటే సహజం. డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, దానికి భయపడక్కర్లేదు. మీగడలా తెల్లటి జిగురు పేరుకుని ఉంటే మాత్రం ఆయిల్‌లో నీరు కలుస్తోందేమోనని అనుమానించాలి. నేరుగా షెడ్డుకు పంపి, ఆయిల్‌లో నీరు కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ చూపించండి. పక్కనే కూలెంట్ డబ్బా ఉంటుంది. లోపలి ద్రవం రంగు స్పష్టంగా ఉండాలి. తుప్పు నీళ్లలా ఉంటే ఎన్నో ఏళ్లుగా పంపు నీళ్లే పోస్తున్నారని అర్థం. అలాంటి బండి రేడియేటర్, వాటర్ పంపు ఎక్కువ కాలం నిలవవు.

అప్పుడు స్టార్ట్ చేయించి, మీరు బండి ముందు నిలబడి వినండి. మొదటి రెండు, మూడు సెకన్లు గొలుసు రాపిడిలా గరగరమని, తర్వాత సర్దుకుంటే ఇంజిన్ వాల్వులను నడిపే టైమింగ్ చైన్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ల మీద దృష్టి పెట్టాలి. ఈ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉండదు, చైనే. ఆయిల్ సమయానికి మారిస్తే చాలా దూరం వస్తుంది. పదివేలకు మార్చాల్సిన ఆయిల్‌ను ఇరవై వేలకు మార్చినవాళ్ల చేతిలో సాగిపోతుంది. అందుకే సర్వీసు బిల్లులు అడగమంటున్నాను. ముద్రలు వేసిన పుస్తకం కాదు, బిల్లులు. బిల్లులో ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు, ఏ తేదీ, ఎన్ని కిలోమీటర్లు అన్నీ ఉంటాయి.

స్టార్ట్ అయ్యాక పొగ గొట్టం దగ్గరకు వెళ్లండి. నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోంది. టర్బో సీళ్లు కావచ్చు, పిస్టన్ రింగులు కావచ్చు. రెండూ పెద్ద ఖర్చులే. గట్టిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు నల్లపొగ బాగా వస్తే ఇంజెక్టర్లో, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టడమో కారణమై ఉండవచ్చు. ఈజీఆర్ శుభ్రం చేయించడం పెద్ద పని కాదు. ఇంజెక్టర్ మాత్రం కొత్తది ఒక్కోటి పది వేల పైమాటే.

తర్వాత రోడ్డెక్కండి. మియాపూర్ నుంచి బాచుపల్లి వైపు కొంత దూరం, తర్వాత గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి కొంత దూరం నడిపిస్తే సరిపోతుంది. మూడో గేరులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఇంజిన్ హోరు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. నగరంలో 80, 90 వేలు తిరిగిన బండికి క్లచ్ వంతు వచ్చిందనే అనుకోవాలి. క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగ్ కలిపి కూలితో సహా 15 వేల చుట్టూ అవుతుంది. కొన్ని డీజిల్ బండ్లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అనే స్ప్రింగుల చక్రం ఉంటుంది. అది కూడా అరిగితే ఖర్చు రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి. న్యూట్రల్‌లో గలగలమంటూ క్లచ్ నొక్కగానే శబ్దం మారుతున్నా, ఇంజిన్ ఆపేటప్పుడు బండి మొత్తం ఒక్క కుదుపు కుదిపినా మెకానిక్‌కు తప్పకుండా చెప్పండి. ఆ బండిలో ఏ రకం ఫ్లైవీల్ ఉందో ఛాసిస్ నంబరు చెబితే విడిభాగాల దుకాణంలోనే తెలిసిపోతుంది.

సస్పెన్షన్ సంగతికి వస్తే, మన స్పీడ్ బ్రేకర్లే పరీక్షా కేంద్రాలు. అద్దాలు దించి, పాటలు ఆపి, నెమ్మదిగా ఒక్కో చక్రం ఎక్కించి దింపండి. టక్‌మని ఒక్క దెబ్బ వినిపిస్తే లింక్ రాడ్లో, లోయర్ ఆర్మ్ బుష్‌లో. ఇవి రెండు, మూడు వేల నుంచి మొదలయ్యే పనులు, బండి వద్దనుకోవడానికి కారణాలు కావు, ధర తగ్గించడానికి కారణాలు. ఔటర్ మీద 80 దాటాక విమానంలా ఏకధాటిగా హోరు వస్తే చక్రం బేరింగ్ చూపించండి. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్రేకు డిస్కులు వంకర తిరిగి ఉండవచ్చు.

ఏసీని మధ్యాహ్నం పరీక్షించాలి. ఉదయం చల్లగాలిలో ఏ ఏసీ అయినా బాగానే ఉంటుంది. ఎండలో అరగంట నిలిపి, కదలకుండా ఇంజిన్ నడుపుతూ పది నిమిషాలు ఏసీ వేసి చూడండి. కదిలేటప్పుడు చల్లగా ఉండి ఆగినప్పుడు వెచ్చబడితే కండెన్సర్ మూసుకుపోయిందో, ఫ్యాన్ సరిగా తిరగడం లేదో అయి ఉంటుంది. మీ అత్తగారితో మే నెలలో ఖమ్మం వెళ్లాల్సినవాళ్లు మీరు, దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

హైదరాబాద్‌లో పాత కారు కొనేవాళ్లు ఎవరైనా వరద సంగతి చూడాల్సిందే. 2020 అక్టోబరు వరదల్లో నగరంలో ఎన్నో సెల్లార్లు నిండిపోయి కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2025 సెప్టెంబరులో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే నీరు వచ్చింది. అలా మునిగిన బండ్లు కడిగి, ఆరబెట్టి, సువాసన కొట్టి అమ్మకానికి వస్తాయి. ముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. మామూలుగా ఎవరూ అంతదాకా లాగరు, కాబట్టి చివరి మూరెడు ఎప్పుడూ కొత్తగా ఉండాలి. అక్కడ మట్టి చారిక ఉందంటే బండి లోపలికి నీరు చేరినట్లే. డిక్కీలో తివాచీ ఎత్తి స్టెప్నీ తీసి, ఆ గుంతలో ఒండ్రు ఉందేమో వేలితో తడిమి చూడండి. సీటు కింది పట్టాల మీద తుప్పు కూడా అదే కథ చెబుతుంది. మునిగిన బండి ఇంజిన్ బాగుపడినా వైర్ల లోపలి తుప్పు ఏడాది, రెండేళ్లకు బయటపడుతుంది. అప్పుడు ఏ లైటు ఎందుకు వెలుగుతుందో ఎవరికీ అంతుబట్టదు. వరద ఆనవాలు కనిపిస్తే ఎంత తగ్గించినా తీసుకోవద్దు. ఇక్కడ బేరానికి తావు లేదు.

తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుని, కొత్తది పెట్టకుండా దీపం తీసేసి ఉండవచ్చు. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. గాడులు లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్లకు మార్పు ఖర్చు లెక్కలో వేసుకోండి. ఇవన్నీ మీరు చూశాక, వేల రూపాయల ఫీజు అడిగినా సరే, అమ్మే ఆయనతో సంబంధం లేని మెకానిక్‌తో స్కానర్ పెట్టించి, బండిని లిఫ్టు మీదికి ఎక్కించి చూపించండి.

మొదటి ఏడాది ఖర్చు ఇలా ఉంటుందని అనుకోండి. అన్ని ఆయిళ్లు, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ద్రవం మార్పించడానికి 12 నుంచి 15 వేలు. పాత యజమాని నిన్ననే చేయించానన్నా మీరు ఒకసారి చేయించండి, అక్కడి నుంచి మీ లెక్క మొదలవుతుంది. టైర్లు మార్చాల్సి వస్తే నాలుగింటికి 30 వేలు దాటుతుంది. బ్యాటరీ ఆరేడు వేలు. సస్పెన్షన్ చిల్లర పనులకు పదిహేను వేలు. క్లచ్‌కు మరో పదిహేను నుంచి ముప్పై. సమగ్ర బీమా 12 వేల పైన. పేరు మార్పిడికి కొద్ది వేలు. అన్నీ ఒకే ఏడాది రాకపోవచ్చు, కానీ సగానికి పైగా వస్తాయి. అందుకే లక్ష అన్నాను. రెండో ఏడాది నుంచి సర్వీసు, బీమా, చిన్న మరమ్మతులు కలిపి ఇంధనం కాకుండా నెలకు మూడు వేలు పక్కన వేసుకుంటే ఇబ్బంది పడరు.

బేరం విషయానికొస్తే, మీ పొరుగాయనతో గట్టిగా మాట్లాడటానికి మీకు మొహమాటం ఉంటుంది. అందుకే మెకానిక్ రాసిచ్చిన కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి. ‘మీ బండి బాగాలేదు’ అనకండి. టైర్లకు ఇంత, క్లచ్‌కు ఇంత అవుతుందని చూపించి, అది తగ్గించమనండి. ఐదు లక్షలు, మహా అయితే 5.1 దగ్గర తీసుకోవచ్చు. టైర్లు, క్లచ్ ఈమధ్యే మార్చిన బిల్లులు చూపిస్తే 5.3 వరకు వెళ్లండి. అంతకు మించి ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. బ్రెజ్జాలు చాలా అమ్ముడయ్యాయి, ఇంకోటి దొరుకుతుంది.

కాగితాల విషయంలో కొన్ని ముఖ్యమైనవి చెబుతాను. బండి మీద అప్పు ఉంటే ఆర్‌సీలో కనిపిస్తుంది. బ్యాంకు నిరభ్యంతర పత్రం, అప్పు తీరిందని తెలిపే ఫారం 35 లేకుండా డబ్బు పూర్తిగా ఇవ్వకండి. పెండింగు చలానాలు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొట్టి చూడండి, ఆయన చేతే కట్టించండి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదుట పెట్టించుకోండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని ‘తర్వాత మార్చుకోవచ్చులే’ అనుకోవద్దు. కొన్నవాళ్లు ముప్పై రోజుల్లో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. బీమా సంగతిలో చాలామంది దెబ్బతింటారు: థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటు వస్తుంది కానీ, మీ బండికి జరిగిన నష్టం రావాలంటే పాలసీ మీ పేరు మీదికి మారాలి. పద్నాలుగు రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు చేయండి. పాత యజమానికి ఉన్న నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, మీకు రాదు. కాబట్టి ప్రీమియం ఆయన కట్టిన దానికంటే ఎక్కువే ఉంటుంది.

పాలసీ తీసుకునేటప్పుడు ఇంజిన్ రక్షణ అదనపు కవరు ఇస్తారా అని అడగండి. బండి వయసును బట్టి కొన్ని కంపెనీలు ఇవ్వకపోవచ్చు. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ లోపలికి నీరు చేరి పాడైతే మామూలు సమగ్ర పాలసీ కింద సాధారణంగా పరిహారం రాదు. కవరు ఉన్నా లేకపోయినా, వర్షంలో మోకాలి లోతు నీళ్లలో బండి ఆగిపోతే తాళం తిప్పవద్దని మీవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. అలాగే వదిలి, తోయించి బయటికి తెచ్చి, లాగించుకుని షెడ్డుకు తీసుకెళ్లాలి.